ఇంట్లో కంప్యూటర్ పదే పదే హ్యాంగ్ అవుతుంటే: దుకాణానికి తీసుకెళ్లే ముందు చూసుకోవలసినవి

పని మధ్యలో ఉన్నట్టుండి కంప్యూటర్ బిగుసుకుపోతుంది. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు, తెర మీది బొమ్మ ఉన్నచోటే ఉండిపోతుంది. బటన్ నొక్కి ఆపి మళ్లీ వేస్తే కాసేపు బాగానే నడుస్తుంది, తర్వాత మళ్లీ అదే తంతు. చాలా ఇళ్లలో దీన్ని నెలల తరబడి అలాగే నెట్టుకొస్తారు. "పాతదైపోయింది, అంతే" అని సరిపెట్టుకుంటారు.

బరంపురంలో మా ఇంట్లోనూ అదే చేశాం. పది రోజులు ఆపుతూ వేస్తూ గడిపాం. పదకొండో రోజు హార్డ్ డిస్క్ తిరగనే లేదు. ఇంటి లెక్కల ఫైళ్లు పోయాయి, వాటిని మళ్లీ రాసుకున్నాం. అమ్మమ్మ పాడగా రికార్డు చేసిన పెళ్లిపాటలు కూడా అందులోనే పోయాయి. అప్పటికే ఆవిడ లేరు. పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకునే ఇల్లు మాది. ఆ పాటలు ఆ ఒక్క డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవు.

అందుకే ఈ వ్యాసంలో వరుస ఇలా పెట్టాం: ముందు ఫైళ్లు కాపాడుకోవడం, తర్వాత కారణం వెతకడం, ఆ తర్వాతే మరమ్మతు. ఇక్కడ చెప్పేది విండోస్ 10, విండోస్ 11 ఉన్న కంప్యూటర్లకు వర్తిస్తుంది. చాలా పరీక్షలకు పైసా ఖర్చు ఉండదు.

హ్యాంగ్ అన్నీ ఒకటి కావు

హ్యాంగ్ అనేది జ్వరం లాంటిది. అదే జబ్బు కాదు, లోపల ఉన్న జబ్బుకు గుర్తు. ముందుగా ఏ రకమో పోల్చుకోవాలి.

మొదటి రకంలో ఒక్క ప్రోగ్రామే ఆగుతుంది. దాని పేరు పక్కన "నాట్ రెస్పాండింగ్" అని కనిపిస్తుంది. మౌస్ కదులుతుంది, మిగతావి పనిచేస్తాయి. తప్పు సాధారణంగా ఆ ప్రోగ్రామ్‌దే, లేదా అది తెరవబోయిన ఫైలుది.

రెండో రకంలో అన్నీ నత్తనడక నడుస్తాయి. క్లిక్ చేసిన అర నిమిషానికి గానీ ఫోల్డర్ తెరుచుకోదు. ర్యామ్ చాలకపోవడం, సి డ్రైవు నిండిపోవడం, డిస్క్ పాడవడం వల్ల ఇలా అవుతుంది.

మూడో రకంలో యంత్రం మొత్తం రాయిలా ఆగిపోతుంది. పరీక్ష చాలా తేలిక: కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే లోపల విండోస్ ఇంకా బతికే ఉంది. ఎన్నిసార్లు నొక్కినా దీపంలో మార్పు లేకపోతే మొత్తం ఆగిపోయినట్టే. అప్పుడు వేడి, కరెంటు, ర్యామ్, డిస్క్, డ్రైవర్ల మీద అనుమానం పెట్టుకోవాలి. క్యాప్స్ లాక్ దీపం లేని కీబోర్డు అయితే తెర మీది గడియారం చూడండి. రెండు నిమిషాలైనా అంకె మారకపోతే అదే గుర్తు.

ఆగిపోయిన ఆ నిమిషంలో ఏం చేయాలి

కంగారుగా అన్ని బటన్లూ నొక్కకండి. ఒక ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. డిస్క్ దీపం మిణుకుమంటుంటే యంత్రం ఏదో పని చేసుకుంటోందని అర్థం.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటే, అందులో ఆగిపోయిన ప్రోగ్రామ్‌ను ఎంచుకుని "ఎండ్ టాస్క్" నొక్కండి. సేవ్ చేయని పని ఆ ఒక్క ప్రోగ్రామ్‌లోనే పోతుంది, మిగతావి నిలుస్తాయి.

తెర మాత్రమే నిలిచిపోయి పాట వినిపిస్తూనే ఉంటే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగి వస్తుంది. ఇది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెట్టే పద్ధతి. దీనితో కోలుకుంటే లోపం గ్రాఫిక్స్ వైపు ఉన్నట్టు.

ఏదీ పలకకపోతే పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుని ఆపండి. ఇది చివరి మార్గం. రాస్తున్న ఫైలు మధ్యలో తెగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి రోజూ చేసే అలవాటుగా మార్చుకోవద్దు. గోడ దగ్గర ప్లగ్గు పీకడం అంతకన్నా మంచిది కాదు.

ముందు ఫైళ్లు, తర్వాతే మరమ్మతు

కంప్యూటర్ మళ్లీ లేచిందంటే, ఇక కారణాలు వెతికే ముందు అందులో ఉన్నవి బయటికి తీయండి. చెడిపోతున్న డిస్క్ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. ఈ పూట తెరుచుకున్న ఫోల్డర్ రేపు తెరుచుకోకపోవచ్చు.

మళ్లీ సంపాదించలేనివి ముందు తీసుకోండి: పెద్దవాళ్ల గొంతు రికార్డులు, పాత ఫోటోల స్కాన్లు, వంశవృక్షం, తాతగారి ఉత్తరాలు, ఇంటి పత్రాలు, పిల్లల సర్టిఫికెట్లు. సినిమాలు, సెటప్ ఫైళ్లు ఆఖరికి వదిలేసినా నష్టం లేదు. వెతకాల్సిన చోట్లు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్. ఈ నాలుగూ మామూలుగా సి డ్రైవులోనే ఉంటాయి, ఫార్మాట్ చేస్తే ముందు పోయేవి అవే.

తెలుగు సంఘం సంచికలో, శుభలేఖలో, కరపత్రాలో ఒకప్పుడు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఆ ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి ఫైళ్లతో పాటు ఆ ఫాంట్లనూ, వాటి సెటప్‌నూ కాపీ చేయండి. వీలైతే ప్రతి సంచికనూ పీడీఎఫ్‌గా దాచండి. పాఠాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి ఉంచుకుంటే ఇంకా మంచిది. సంఘం పుట్టిన నాటి సంచికలు ఒకే కంప్యూటర్‌లో, ఒకే ఫాంటు మీద ఆధారపడి ఉంటే, ఆ యంత్రంతో పాటు ఆ చరిత్ర కూడా పోతుంది.

దాచడానికి మూడు ప్రతుల లెక్క గుర్తుంచుకోండి. మొత్తం మూడు ప్రతులు ఉండాలి, రెండు వేర్వేరు సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఉండాలి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి బయటి హార్డ్ డిస్కులో పెట్టుకోండి. మూడోదానికి మన కుటుంబాల్లో కొదవ లేదు. అన్నగారు షోలాపూర్‌లో, చెల్లెలు చెన్నైలో ఉండే ఇళ్లు మనవి. ఒక ప్రతి వాళ్ల ఇంట్లో ఉంచితే చాలు. ఆన్‌లైన్ అయితే గూగుల్ ఖాతాకు 15 జీబీ, వన్‌డ్రైవ్‌కు 5 జీబీ ఉచితంగా వస్తాయి. పెన్ డ్రైవు ఫైళ్లు మోసుకెళ్లడానికి బాగుంటుంది, ఏళ్ల తరబడి దాచడానికి నమ్మదగింది కాదు. కాపీ అయ్యాక బయటి డిస్కును తీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే ఒకే పిడుగుపాటుకు, ఒకే వైరస్‌కు రెండూ పోతాయి.

ఎప్పుడు ఆగుతోందో కాగితం మీద రాయండి

మూడు నాలుగు రోజుల పాటు ప్రతిసారీ తేదీ, సమయం, అప్పుడు చేస్తున్న పని, వేసి ఎంతసేపైంది అన్నవి రాసి పెట్టండి. ఆ కాగితమే సగం రోగనిర్ధారణ.

- వేసిన అరగంటకో, మధ్యాహ్నం పూటో ఆగితే: వేడి.
- ఫ్రిజ్, మోటారు ఆన్ అయినప్పుడు, వోల్టేజీ ఊగినప్పుడు ఆగితే: కరెంటు, యూపీఎస్, ఎస్ఎంపీఎస్.
- బ్రౌజర్‌లో ఎక్కువ ట్యాబులు తెరిచినప్పుడు ఆగితే: ర్యామ్ చాలకపోవడం.
- ఫైలు తెరిచేటప్పుడు, సేవ్ చేసేటప్పుడు ఆగితే: డిస్క్.
- వీడియో, గేమ్ నడిచేటప్పుడు మాత్రమే ఆగితే: గ్రాఫిక్స్ లేదా వేడి.
- కొత్త సాఫ్ట్‌వేర్, ప్రింటర్, అప్‌డేట్ వచ్చిన రోజు నుంచీ మొదలైతే: ఆ కొత్తదే.
- ఏ లెక్కా లేకుండా, ఎప్పుడు పడితే అప్పుడు ఆగితే: ర్యామ్ ముక్క పాడవడం, లేదా ఎస్ఎంపీఎస్.

విండోస్ కూడా తన డైరీ తాను రాసుకుంటుంది. స్టార్ట్‌లో "రిలయబిలిటీ" అని ఇంగ్లీషులో వెతికితే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" వస్తుంది. అందులో రోజువారీ గీత 1 నుంచి 10 మధ్య నడుస్తుంది. ఎర్ర గుర్తు ఉన్న రోజు మీద నొక్కితే ఆ రోజు ఏది కూలిందో చూపిస్తుంది. ఒకే పేరు పదే పదే కనిపిస్తే దొంగ దొరికినట్టే. "కెర్నల్ పవర్ 41" అని కనిపిస్తే మాత్రం బెదరకండి. సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

వేడి, దుమ్ము

ప్రాసెసర్ బాగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే యంత్రం ఆగిపోతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే బళ్లారి, రాయచూరు, షోలాపూర్ లాంటి ఊళ్లలో గది గాలే వేడిగా ఉంటుంది, ఇక ఫ్యాను లోపలికి లాగేది ఆ గాలినే. షోలాపూర్, భివండి మగ్గాల పేటల్లో దానికి తోడు నూలు ధూళి. అది మామూలు దుమ్ములా రాలిపోదు. ఫ్యాను వెనకాల రేకుల మధ్య దూదిలా పేరుకుని గాలినే ఆపేస్తుంది. బరంపురం, యానాం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి, తేమ లోపలి కనెక్షన్ల మీద తుప్పు పట్టిస్తాయి.

ఉష్ణోగ్రత చూడటానికి హెచ్‌డబ్ల్యూ మానిటర్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. ఊరికే ఉన్నప్పుడు 40, 50 డిగ్రీల ప్రాంతంలో, గట్టి పని చేస్తున్నప్పుడు 80 లోపు ఉంటే దిగుల్లేదు. చిన్న పనికే 90 దాటి, అదే సమయంలో హ్యాంగ్ అవుతుంటే వేడి సంగతి తేల్చాల్సిందే.

డెస్క్‌టాప్ శుభ్రం చేయడం ఇంట్లోనే చేసుకోవచ్చు. ప్లగ్గు తీసేయండి. ఆ తర్వాత పవర్ బటన్‌ను ఓసారి నొక్కితే లోపల మిగిలిన కరెంటు కొంత దిగిపోతుంది. క్యాబినెట్ పక్క మూత విప్పండి. ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి. పొడి మెత్తని పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులపండి. ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని ఊదండి, గాలికి అది విచ్చలవిడిగా తిరిగితే పాడవుతుంది. తడిగుడ్డ వద్దు. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్‌ను లోపల పెట్టవద్దు, స్థిర విద్యుత్తు పుట్టి బోర్డును దెబ్బతీయవచ్చు. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా అందులో షాకు కొట్టేంత కరెంటు మిగిలి ఉంటుంది.

దుమ్ము పోయినా వేడి తగ్గకపోతే ప్రాసెసర్‌కూ దాని మీది కూలర్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు. ఏళ్లు గడిచిన యంత్రాల్లో అది మామూలే. మెకానిక్ చేత కొత్తది వేయించుకోండి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే అడుగున ఉన్న గాలి సందులు మూసుకుపోతాయి. కింద ఒక చెక్క పలక పెట్టినా సరిపోతుంది.

కరెంటు, యూపీఎస్

మన ఇళ్లకు వచ్చే కరెంటు పేరుకు 230 వోల్టులు. సాయంత్రం అన్ని ఇళ్లలోనూ లైట్లు, మోటార్లు వేసే వేళకు ఎంత వస్తుందో మీటరు పెట్టి చూస్తే తెలుస్తుంది. డెస్క్‌టాప్‌ను ఫ్రిజ్, గీజర్, మిక్సీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే తగిలించకండి. సాకెట్ వదులుగా ఉంటే మార్పించండి. క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా జివ్వుమంటే ఎర్తింగ్ సరిగా లేదు. అది కంప్యూటర్‌కే కాదు, మనుషులకూ ప్రమాదం. వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

యూపీఎస్‌లో ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ మామూలుగా రెండు మూడేళ్లు పనిచేస్తుంది. బ్యాటరీ చచ్చిన యూపీఎస్ ఉన్నా లేనట్టే, కరెంటు మిణుకుమన్నప్పుడు యంత్రాన్ని నిలబెట్టలేదు. పరీక్షకు యూపీఎస్‌ను పక్కనపెట్టి ఒకరోజు నేరుగా మంచి సాకెట్‌కు తగిలించి చూడండి. హ్యాంగ్ ఆగితే యూపీఎస్ తప్పు. ఆగకపోతే, అందులోనూ తనంతట తాను రీస్టార్ట్ కూడా అవుతుంటే, ఎస్ఎంపీఎస్‌ను అనుమానించాలి. దుకాణంలో వేరే ఎస్ఎంపీఎస్ పెట్టి చూడటమే దానికి నమ్మకమైన పరీక్ష.

చోటు, ర్యామ్

టాస్క్ మేనేజర్‌లో "పెర్ఫార్మెన్స్" తెరిచి సీపీయూ, మెమొరీ, డిస్క్ మూడింటినీ చూడండి. మెమొరీ ఎప్పుడూ 90 శాతం దగ్గరే ఉంటే ర్యామ్ చాలడం లేదు. 4 జీబీ ర్యామ్‌తో ఇప్పటి విండోస్, బ్రౌజర్ రెండూ కలిపి మోయడం కష్టం. ఇంటి వాడకానికి 8 జీబీ ఉంటే హాయి. కొనే ముందు మీ బోర్డుకు పట్టేది డీడీఆర్3 రకమా, డీడీఆర్4 రకమా చూసుకోండి, ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు. అందాకా "స్టార్టప్ యాప్స్" లో అక్కర్లేని వాటిని డిసేబుల్ చేయండి.

సి డ్రైవులో కనీసం 15 శాతం ఖాళీ ఉంచండి. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్ వరుసలో వెళ్లి "టెంపరరీ ఫైల్స్" తుడవవచ్చు. అయితే ఆ జాబితాలో "డౌన్‌లోడ్స్" పేరు కూడా ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి ఫోటోలు, ఆన్‌లైన్‌లో తెచ్చుకున్న సర్టిఫికెట్లు చాలామందికి అందులోనే ఉంటాయి. దాని పక్కన టిక్కు లేకుండా చూసుకున్నాకే తుడవండి.

డిస్క్: అన్నిటికన్నా తొందరపడాల్సిన చోటు

వేడి తగ్గించవచ్చు, ర్యామ్ కొనవచ్చు. డిస్క్‌లో ఉన్నది పోతే కొనుక్కోలేం. ఈ గుర్తులు కనిపిస్తే ఆ రోజే ఫైళ్లు తీసేయండి: టకటకమనే చప్పుడు, ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పట్టడం, ఫైళ్ల పేర్లు వింత అక్షరాలుగా మారడం, కాపీ మధ్యలో ఆగిపోవడం, విండోస్ మొదలయ్యేటప్పుడు డిస్క్ సరిచేస్తున్నానని పదే పదే చెప్పడం.

డిస్కులు తమ ఆరోగ్యాన్ని తామే లెక్కపెట్టుకుంటాయి. ఆ లెక్కను క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చూపిస్తుంది. నీలం రంగులో "గుడ్" ఉంటే ప్రస్తుతానికి ఫర్వాలేదు. పసుపులో "కాషన్" వస్తే ఆ డిస్కును ఇక నమ్మవద్దు. ఎరుపులో "బ్యాడ్" వస్తే అది ఆఖరి గంట. "రీఎలొకేటెడ్ సెక్టార్స్", "కరెంట్ పెండింగ్ సెక్టార్స్" అనే వరుసల్లోని అంకెలు వారం వారం పెరుగుతుంటే డిస్క్ లోపల అరుగుతోందని అర్థం.

ఇక్కడే చాలామంది పొరబడతారు, మేమూ పొరబడ్డాం. జబ్బుపడిన డిస్క్ మీద మరమ్మతు పరీక్షలు నడుపుతారు. డ్రైవు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, టూల్స్, చెక్ అని నొక్కితే డిస్కును తనిఖీ చేసే సౌకర్యం ఉన్న మాట నిజమే. కానీ అరిగిన డిస్కును ఆ మూల నుంచి ఈ మూల దాకా చదివిస్తే మిగిలిన ప్రాణం కూడా పోవచ్చు. ముందు కాపీ, తర్వాత చెక్. వరుస మార్చకండి.

డెస్క్‌టాప్ అయితే ఇంకో చిన్న పని ఉంది. డిస్కుకూ బోర్డుకూ మధ్య ఉండే సాటా కేబుల్ వదులైనా ఇవే గుర్తులు కనిపిస్తాయి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, ఆ కేబుల్‌ను రెండు కొసలా తీసి గట్టిగా మళ్లీ పెట్టండి. అంతటితో తీరిపోయే సందర్భాలూ ఉన్నాయి.

విండోస్ మొదలు కాకపోయినా ఫైళ్లు పోయినట్టు కాదు. డిస్కును బయటికి తీసి యూఎస్‌బీ అడాప్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే చాలాసార్లు ఫైళ్లు దొరుకుతాయి. టకటక చప్పుడు చేస్తున్న డిస్కును మాత్రం ఆపేసి, అలాగే డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి. దాన్ని ఎవరూ మామూలు గదిలో విప్పకూడదు. లోపల చిన్న ధూళికణం పడ్డా పనికిరాకుండా పోతుంది.

ర్యామ్ ముక్క పాడైతే

స్టార్ట్‌లో "విండోస్ మెమొరీ డయాగ్నస్టిక్" అని ఇంగ్లీషులో వెతికి నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి ర్యామ్‌ను పరీక్షిస్తుంది, మళ్లీ లాగిన్ అయ్యాక ఫలితం చెబుతుంది. తప్పు ఉందంటే డెస్క్‌టాప్‌లో ర్యామ్ ముక్కను తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిక్కుమనేలా మళ్లీ కూర్చోబెట్టండి. తీరప్రాంతాల్లో ఈ చిట్కా తరచూ పనిచేస్తుంది, ఆ పళ్ల మీద పట్టిన పొరే అసలు కారణం కాబట్టి. రెండు ముక్కలుంటే ఒక్కొక్కటే పెట్టి ఒక్కో రోజు నడిపి చూస్తే ఏది చెడిందో తేలుతుంది.

సాఫ్ట్‌వేర్, డ్రైవర్లు

షిఫ్ట్ నొక్కి పట్టుకుని "రీస్టార్ట్" నొక్కండి. వచ్చే నీలం తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ అని వెళ్లి 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. అందులో గంటసేపు ఏ ఇబ్బందీ లేకుండా నడిస్తే యంత్రం కన్నా డ్రైవర్ల మీద, బయటి సాఫ్ట్‌వేర్ల మీదే ఎక్కువ అనుమానం పెట్టుకోవాలి. అక్కడా ఆగిపోతే యంత్ర భాగాల్లోనే వెతకాలి.

కొత్తగా వేసినవి తీసేసి చూడండి. డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ ప్రాపర్టీస్‌కు వెళితే "రోల్ బ్యాక్ డ్రైవర్" ఉంటుంది, అది పాత డ్రైవర్‌ను తిరిగి తెస్తుంది. యాంటీవైరస్‌లు రెండు ఉంటే ఒకటి తీసేయండి, రెండూ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌లో "ఆఫ్‌లైన్ స్కాన్" ఉంది. సుమారు పావుగంట పడుతుంది, దాక్కున్న వైరస్‌లను విండోస్ మొదలు కాకముందే వెతుకుతుంది.

హ్యాంగ్ వేషం వేసుకొచ్చే మోసం

బ్రౌజర్ తెర నిండా ఎర్రటి హెచ్చరిక, చెవులు హోరెత్తే సైరన్, "మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అన్న మాట. ఇది హ్యాంగ్ కాదు, వల. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు దీనికి ఎక్కువగా చిక్కుతున్నారు. ఏ కంపెనీ కూడా తెర మీద ఫోన్ నంబరు వేసి అలా హెచ్చరించదు. ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టండి, లేదా టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపండి. ఆ నంబరుకు ఫోన్ చేయవద్దు. ఎవరో చెప్పారని మీ తెరను వాళ్లకు కనిపించేలా చేసే యాప్‌ను వేయవద్దు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే బ్యాంకుకూ, 1930 నంబరుకూ ఫోన్ చేయండి. 1930 దేశమంతటికీ ఉన్న సైబర్ మోసాల సహాయ నంబరు. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

దుకాణానికి తీసుకెళ్లేటప్పుడు

మనం దుకాణంలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో మాట్లాడతాం. ఏ భాషలో చెప్పినా "హ్యాంగ్ అవుతోంది" అన్న ఒక్క మాటకు దొరికే జవాబు ఎక్కువగా "ఫార్మాట్ చేద్దాం" అనే. మీరు రాసిపెట్టుకున్న కాగితం చూపించండి. అప్పుడు మాట మారుతుంది.

ఫైళ్లు తీసుకున్నాకే ఇవ్వండి. తీసుకోలేకపోతే "అడగకుండా ఫార్మాట్ చేయవద్దు" అని రసీదు మీద రాయించుకోండి. ఏ భాగం మార్చాలో, ఎందుకో, ఎంతవుతుందో ముందే అడగండి. మార్చిన పాత భాగాన్ని వెనక్కి తీసుకోండి, ముఖ్యంగా డిస్కును. అందులో మీ ఇంటి వివరాలన్నీ ఉంటాయి. బ్రౌజర్‌లో బ్యాంకు, ఈమెయిల్ ఖాతాల నుంచి సైన్ అవుట్ అవ్వండి.

విండోస్ 11 ఉన్న చాలా కంప్యూటర్లలో డిస్క్ తాళం వేసి ఉంటుంది, దాన్ని బిట్‌లాకర్ అంటారు. దాని రికవరీ కీ 48 అంకెలు ఉంటుంది. అది లేకుండా డిస్కును వేరే కంప్యూటర్‌లో చదవలేరు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో అది ఉందో లేదో ఇప్పుడే చూసి, కాగితం మీద రాసి దాచండి.

బాగుచేయించాలా, మార్చాలా

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ కావాలి. చాలా పాత యంత్రాలకు ఈ చివరిది ఉండదు. అంతమాత్రాన యంత్రాన్ని పారేయనక్కర్లేదు. తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌కు దాని స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టించి, ర్యామ్ 8 జీబీ చేస్తే పిల్లల చదువుకు, ఉత్తరాలకు ఇంకొన్నేళ్లు పనికొస్తుంది. విండోస్ 11 పట్టని యంత్రంలో లినక్స్ మింట్ ఉచితంగా వేసుకోవచ్చు, అందులో తెలుగు చదవడం, టైపు చేయడం రెండూ వీలవుతాయి. పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే పని ఉన్నవారు మాత్రం పాత విండోస్ యంత్రాన్ని ఇంటర్నెట్ తగిలించకుండా ఆ పనికే ఉంచుకోవడం మేలు. మదర్‌బోర్డే పోయిందంటే మాత్రం ఖర్చు లెక్క వేసుకుని కొత్తదాని వైపు చూడాలి.

ఇవన్నీ ఒక్క రోజులో చేయనక్కర్లేదు. ఈ ఆదివారం ఒక్క పని చేయండి: కంప్యూటర్ బాగున్నా సరే, ఒక బయటి డిస్క్ తగిలించి ఇంట్లోవాళ్ల గొంతులు, ఫోటోలు, పత్రాలు కాపీ చేయండి. మా ఇంట్లో కొత్త డిస్క్ కొన్నది పాటలు పోయిన మర్నాడు. మీరు ముందు రోజే కొనండి.